వీరన్ కాళ్లకు పెట్టిన కరెంటు

సత్రపట్టిలో ఒకప్పుడు వీరన్ కాళ్లకు పేరుండేది. బ్యాండేజి గుడ్డను తెల్లగా చలవచేసే తొట్లలోంచి తీసిన తడి మోపును ఇద్దరు పడితే గాని కదలదు. వీరన్ ఒక్కడే భుజాన వేసుకుని, గట్లెక్కి దిగి, పొలాల్లో కట్టిన తాళ్ల దాకా మోసుకుపోయి ఆరేసేవాడు. ముప్పై రెండేళ్లు అదే పని. యాభై తొమ్మిదో ఏట ఆ కాళ్లే అడ్డం తిరిగాయి. మంచం మీంచి బాత్రూము పది అడుగులు. అయిదో అడుగులో గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి కోసం నోరు తెరిచేవాడు.

కాళ్లది తప్పు కాదు, గుండెది. మామూలు గుండె తోడే రక్తంలో సగం కూడా నీది తోడడం లేదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. మందులిచ్చాడు, ఉప్పు మాన్పించాడు, తాగే నీళ్లు కొలిచి తాగమన్నాడు. పాదాల వాపు తగ్గింది. కానీ వాపు తీస్తే కింద కండ అనేదే లేదు. వీరన్ తన తొడల్ని తానే చూసుకుని పంచె కిందికి లాక్కున్నాడు.

పెళ్లాం రాక్కమ్మాళ్ పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. తమ్ముడు పేచ్చిముత్తు అంతకు ముందే పోయాడు. రాజపాళయంలో మిల్లు వెనక ఉన్న వరస ఇళ్లలో వీరన్‌ది ఒక గది, గోడకవతల తమ్ముడి పెళ్లాం మూక్కమ్మాళ్‌ది ఒక గది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చప్పిడి అన్నం ఆ గోడకవతల నుంచే వస్తాయి. మూక్కమ్మాళ్ గిన్నె గడప దగ్గర పెట్టి పక్కకు తిరిగి నిలబడుతుంది. తమ్ముడి పెళ్లాం బావ ఎదుట కూర్చోదు, బావను తాకదు. ముప్పై ఏళ్లుగా ఉన్న మర్యాద, ముసలితనం వచ్చిందని మారేది కాదు.

మార్గళి నెల, అంటే ధనుర్మాసం మొదట్లో పాండిసెల్వి ఒక సంచీ పట్టుకుని వచ్చింది. ఆసుపత్రిలో రోగుల చేత వ్యాయామం చేయించే ఫిజియో ఆ పిల్ల. తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వస్తుంది, మాట నొక్కడానికి 'దా' తగిలించే, అరవం కలిసిన వీళ్ల తెలుగే మాట్లాడుతుంది. సంచీలోంచి అరచేయంత పెట్టె ఒకటి, పొడుగాటి వైర్లు, జిగురు బిళ్లలు నాలుగు తీసింది.

"గుండె బలం లేదని మీరు నడవరు. నడవకుంటే కాళ్లల్లో సత్తువ పోతాది. సత్తువ లేని కాళ్లని లాగడానికి గుండె ఇంకా కష్టపడాల. దానికి దా అయ్యా ఈ కరెంటు మిషను. మీరు చుమ్మా ఊరికే పడుకోండి, తొడలు వాటంతట అవే పని చేస్తాయి. దినానికి ముక్కాలు గంట, పది వారాలు."

"షాకు కొడతాదా?"

"చీమలు పాకినట్ల ఉంటాది, అంతే. మీ గుండెలో మిషనేమీ పెట్టలేదు గదా, డాక్టరు అన్నీ చూసి దా రాసిచ్చినారు."

బిళ్లలు తొడలకు అతికించి పెట్టె మీది మర తిప్పింది. మొదట చీమలే పాకాయి. ఇంకొంచెం తిప్పేసరికి తొడ లోపల ఏదో పట్టుకుని లాగినట్టయింది. కుడి తొడ వణికింది. తర్వాత ఎడమది. రెండూ కలిసి గడగడా ఆడడం మొదలుపెట్టాయి. వీరన్ వాటికేసి చూశాడు. ఆయన ఆడించడం లేదు. ఆపడమూ ఆయన చేతిలో లేదు.

"తియ్యి" అన్నాడు.

"నొప్పిగా ఉండాదా అయ్యా?"

"తియ్యమ్మా. తియ్యి దీన్ని."

పాండిసెల్వి మర తగ్గించింది. మనిషి ముఖం పాలిపోయి, నుదుటి నిండా చెమట. నాడి పట్టుకు చూసింది, బాగానే ఉంది. మొదటి రోజు చాలామంది భయపడతారు, ఈయనా అంతే అనుకుంది పాపం. కరెంటుకు భయపడే వాళ్లను చూసింది గాని, తన తొడలు వణికితే ఒక పిల్ల శవం కళ్ల ముందుకు వచ్చే మనిషిని ఆమె ఎక్కడ చూసి ఉంటుంది?

వీరన్ ఒకప్పుడు సామి ఆడే మనిషి, పూనకంలో దేవత మాట చెప్పేవాడు. వాళ్ల వంశపు దేవత తిమ్మక్క. తాతల తాతలు తెలుగు దేశం నుంచి ఇటు వచ్చినప్పుడు ఒక పెట్టెలో చీర, గాజులు పెట్టుకుని తెచ్చిన తల్లి అంటారు. చోళపురం పొలాల్లో రేకుల కప్పు కింద ఆ పెట్టె ఉంది. ఉరుమి డోలు మోగితే తిమ్మక్క వీరన్ మీదికి వచ్చేది. ముందు అరికాళ్లు వేడెక్కేవి, ఆ వేడి ఎగబాకి తొడల్లోకి చేరేది, తొడలు వణికేవి, ఆ తర్వాత నోట్లోంచి వచ్చేది తిమ్మక్క మాట. అలా నిజంగా నాలుగుసార్లు వచ్చింది. అయిదోసారి రాలేదు.

పద్దెనిమిదేళ్ల కిందట ఆ అయిదోసారి, పేచ్చిముత్తు కూతురు ముత్తుమారికి జ్వరం. తొమ్మిదేళ్ల పిల్ల. అప్పుడు అందరూ చోళపురంలోనే ఉండేవాళ్లు. జ్వరం నాలుగో రోజుకు ఫిట్సులోకి దిగింది. పేచ్చిముత్తు పెద్దాసుపత్రికి తీసుకుపోతానని వ్యాను పిలిచాడు. వ్యాను వాకిట్లో ఆగింది. పెద్దలు మాత్రం తిమ్మక్క అమ్మను ఒక మాట అడగకుండా పిల్లను ఎల్ల, అదే ఊరి పొలిమేర, దాటించకూడదన్నారు. ఉరుమి మోగించారు. వీరన్ కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అరికాళ్లు చల్లగా ఉన్నాయి. అరగంట మోగించారు. యాభై మంది ఆయన కాళ్లకేసి చూస్తున్నారు. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. వీరన్ ఆ మాటైనా అని ఉంటే బాగుండేది. సిగ్గేసింది ఆయనకు. ఉన్న పేరు పోతుందని భయమేసింది. తొడను తానే కొంచెం కదిపాడు. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ కులవ పెట్టారు. కదిలిన తొడను మరి ఆపలేడు గదా, వణికించాడు. వణికిన వాడు మాట చెప్పకుండా కూర్చోలేడు గదా, చెప్పాడు.

"మూడు దినాలు ఎవురూ నా ఎల్ల దాటొద్దు. బిడ్డని నేను లేపుతాను."

వ్యాను వెనక్కి పోయింది. మరునాడు పొద్దెక్కక ముందే ముత్తుమారి చనిపోయింది. చివరి గంటల్లో ఆ పిల్ల తీసిన ఊపిరి, ఎగశ్వాస, మధ్యలో ఆగి మళ్లీ లాగడం, వీరన్ పక్క గదిలోంచి విన్నాడు. ఇప్పుడు తాను వెల్లకిలా పడుకుంటే తన ఛాతీలోంచి అదే చప్పుడు వస్తుంది. రెండు దిండ్లు పెట్టుకుని పడుకోమని డాక్టరు చెప్పాడు, ఊపిరి ఆడడానికి. వీరన్ పెట్టుకునేది ఆ చప్పుడు వినలేక.

అమ్మ మాట ఎలా తప్పింది అని పెద్దలు కూర్చుని వెతికారు. వెతికితే దొరకనిది ఏముంది? సామి మాట చెప్పిన రోజు సాయంత్రం పిల్లకు కాసేపు తెలివి వచ్చి బన్ను కావాలని అడిగింది. మూక్కమ్మాళ్ ఎల్ల రాయి దాటి రోడ్డు మీది కొట్టుకు పోయి బన్ను కొనుక్కొచ్చింది. అమ్మ మాట మీరింది తల్లే అన్నారు. తిమ్మక్క గుడి దగ్గర ఇక ఆమె పొంగలి పెట్టకూడదన్నారు. వీరన్ అక్కడే కూర్చుని ఉన్నాడు. మింగలేక కక్కలేక కూర్చున్నాడు. ఆ తర్వాత సామి ఆడడం మానేశాడు. తమ్ముడి బిడ్డ పోయిన దుఃఖమని అందరూ జాలిపడ్డారు. మనుషుల జాలి కొన్నిసార్లు ఎంత గుడ్డిదో.

ఆ మూక్కమ్మాళే ఇప్పుడు ఆయనకు అన్నం పెడుతున్నది.

పాండిసెల్వి పోయాక వీరన్ ఒక ఉపాయం పట్టాడు. రోజూ పొద్దున తలుపు వేసుకుని, పెట్టె పక్కన పెట్టుకుని, ముప్పావు గంట గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. బిళ్లలు అతికించుకునేవాడు కాదు. రెండు వారాలు అలా గడిచాయి. విచిత్రం ఏమిటంటే, మిషను పెట్టకపోయినా తొడలు ఊరుకోలేదు. తింటూండగా ఒకసారి చటుక్కున కదిలేవి. పక్క వీధిలో ఎవరింట్లోనో బిందె మీద గరిటె మోగినా ఉరుమి అనిపించి కాళ్లు ముడుచుకునేవాడు.

పాండిసెల్వి వచ్చి టేపుతో తొడ చుట్టూ కొలిచింది. మళ్లీ కొలిచింది.

"అయ్యా, నన్ను ఏమార్చండి పరవాలే. తొడ ఏమారదు" అంది. "ఇట్లే పోతే ఎండాకాలానికి మీరు మంచంలో దా ఉంటారు. పుండ్లు పడతాయి. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరతాయి. ఆ పైన నేను వచ్చి చేసేది ఏమీ లేదు."

ఆమె గడప దగ్గరికి పోయి మూక్కమ్మాళ్‌ను పిలిచింది. వైరు పొడుగ్గా ఉంది కాబట్టి తాకే పని లేదని, బిళ్లలు ఆయనే అతికించుకుంటాడని, పెట్టె పట్టుకుని మర తిప్పుతూ గడప దగ్గర కాపలా ఉంటే చాలని నేర్పింది. మూక్కమ్మాళ్ తలాడించింది. వద్దనడానికి వీరన్ దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. ఉన్న కారణం చెప్పుకోదగ్గది కాదు.

మరునాడు పొద్దున పంచె కింద బిళ్లలు అతికించుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు. గడప దగ్గర మర తిరిగింది. చీమలు పాకాయి. తొడలు వణికాయి, ముందు కొంచెంగా, తర్వాత పంచె కదిలేంతగా. పెట్టె నేల మీద పెట్టిన చప్పుడు వినిపించి కళ్లు తెరిచాడు. మూక్కమ్మాళ్ నిలబడి ఉంది. పక్కకు తిరిగి కాదు, ఎదురుగా. చేతులు జోడించి ఉంది.

"తిమ్మక్కా, వచ్చినావా తల్లీ" అంది. "పద్దెనిమిది ఏండ్లు ఆయె. ఒక్కటి చెప్పు. ఆ బన్ను కొనను పోయినానే, అది దా తప్పా? లేకుంటే నాకు తెలీకుండా ఇంకేమన్నా చేసినానా? చచ్చేలోపల తెలుసుకొని పోతాను."

"మూక్కమ్మా, ఇది మిషను."

"మిషనని నాకూ తెల్సు బావా. అయినా తిమ్మక్క వచ్చేది మీ కాళ్లలోకి దా. ఇన్ని దినాలు దోవ మూసుకొని ఉండె, కరెంటు తెరిచింది. మీరు మాట్లాడొద్దండి. ఆమెని మాట్లాడనీండి."

వీరన్ గబగబా రెండు చేతులతో బిళ్లలు పీకేశాడు. వణుకు అక్కడికక్కడ ఆగింది. ఎండిన రెండు కాళ్లు మంచం మీద కదలకుండా పడి ఉన్నాయి.

"చూడు. నిలిచిపోయె" అన్నాడు. "ఇప్పుడు ఆడించింది కరెంటు. ఆ దినం కరెంటు లేదు. ఆ దినం ఆడించింది నేను దా."

మూక్కమ్మాళ్‌కు అర్థం కాలేదు. అర్థమయిందేమో, కానీ చేతులు ఇంకా విడదీయలేదు.

"తిమ్మక్క రాలేదా?"

"రాలే. కాళ్లు చల్లగా ఉండె. అందరూ చూస్తా ఉండారని నేనే ఆడించినాను."

"మూడు దినాలన్న మాట?"

"నాది."

"వ్యాను వచ్చి వాకిట్లో నిలబడి ఉండెనే, బావా."

"ఉండె."

గోడకవతల ఆమె పొయ్యి మీద పప్పు పొంగి మాడుతున్న వాసన వచ్చింది. ఆమె కదలలేదు. "ఆ వ్యానులో పోయుంటే నా బిడ్డ బతికుండునా?" అని అడిగింది.

వీరన్ ఆ ప్రశ్నను పద్దెనిమిదేళ్లుగా మోస్తున్నాడు. బతికేది అనవచ్చు. బతికేది కాదు అని ఓదార్చవచ్చు. ఏది చెప్పినా అది మళ్లీ సామి మాటే అవుతుంది.

"నాకు తెలీదు మూక్కమ్మా. ఆ దినం గూడా నాకు తెలీదు."

ఆమె చేతులు దించి వెళ్లిపోయింది. రెండు రోజులు గిన్నె రాలేదు. వీరన్ బిస్కెట్లు తిన్నాడు, కొలిచిన నీళ్లలో సగం కూడా తాగలేదు. గోడకవతల నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని చెవి పెట్టి కూర్చున్నాడు. తిట్టినా బాగుండునని కోరుకున్నాడు. అటునుంచి ఏ చప్పుడూ రాలేదు. ఆ నిశ్శబ్దం ముందు కరెంటు ఏపాటి?

మూడో రోజు పొద్దున మూక్కమ్మాళ్ వచ్చింది. గిన్నె పెట్టింది. గడప లోపలికి వచ్చి, బావ ఎదుట నేల మీద కూర్చుంది.

"నేను ఇంతవరకు ఏడ్వలేదు. అది తెల్సునా మీకు?" అంది.

తెలుసు. వాళ్ల వంశంలో తిమ్మక్క తీసుకున్న బిడ్డ కోసం ఏడవకూడదు. ఏడిస్తే అమ్మ మీద కోపగించినట్టు. పాడె లేచేటప్పుడు ఆడవాళ్లు మూక్కమ్మాళ్ నోట్లో చీర కొంగు కుక్కారు.

"అమ్మ తీసుకొనిందని చెప్పి దా నన్ను ఏడ్వనీలే. అమ్మ తీసుకోలేదని మీరు చెప్తా ఉండారు. అట్లయితే నా బిడ్డకి నేను ఏడ్వాల. రెండు దినాలుగా ఏడ్చి చూసినాను. ఒంటిగా వస్తా లేదు. నా నోరు మూసినోళ్ల ముందర ఏడ్వాల నేను. నేను పోయి చెప్తే ఎవురు నమ్ముతారు? మీరు రాండి. శివరాత్రికి అందరూ చోళపురం వస్తారు. ఆటో రోడ్డు దాకా దా వస్తాది, ఆడనుంచి గుడికి పత్తి చేనులో నడవాల. మీ కాళ్ల మీద మీరే నడిచి వచ్చి, మీ నోటితో చెప్పండి."

"నడవలేకపోతే?"

"నడుస్తారు" అంది. పెట్టె చేతిలోకి తీసుకుంది. "అంతవరకు చావొద్దండి. బిళ్లలు అతికించుకోండి."

ఆ రోజు నుంచి ఆరు వారాలు ఒక్క రోజు తప్పలేదు. పాండిసెల్వి వారానికి అయిదు రోజులు చాలని చెప్పింది, మూక్కమ్మాళ్ ఏడు రోజులూ పెట్టింది. వణుకు మొదలవగానే వీరన్‌కు ముత్తుమారి గుర్తొచ్చేది. పళ్లు బిగించి గుర్తుచేసుకునేవాడు. మూక్కమ్మాళ్ మాట్లాడేది కాదు, ఆయన కాళ్లకేసి చూస్తూ ఉండేది. మంచం కోడు పట్టుకుని లేవడం వచ్చింది. బాత్రూము దాకా ఆగకుండా పోవడం వచ్చింది. సంక్రాంతితో మొదలైన తై నెల పోయేసరికి వీధి మొగ దాకా పోయి, కరెంటు స్తంభం దగ్గర ఊపిరి తీసుకుని, తిరిగి వచ్చాడు. పాండిసెల్వి టేపు పెట్టి కొలిచి సంబరపడింది. గుండె అంతే ఉందనీ, కాళ్లు మాత్రం బలపడ్డాయనీ డాక్టరు చెప్పాడు. తనకు కావలసింది కాళ్లే అనుకున్నాడు వీరన్.

శివరాత్రి మరునాడు పొద్దున చోళపురం రోడ్డు మీద ఆటో దిగాడు. చేలో బాట నూరు అడుగుల పైనే ఉంటుంది. చేతికర్ర పట్టుకుని, మధ్యలో నాలుగుచోట్ల ఆగి నడిచాడు. మూక్కమ్మాళ్ వెనక నడిచింది. చేయి ఇవ్వలేదు. రేకుల కప్పు ముందు నలభై పొయ్యిలు వరసగా మండుతున్నాయి. పొంగళ్లు ఉడుకుతున్నాయి. పద్దెనిమిదేళ్ల తర్వాత సామి ఆడే వీరన్ నడిచి వస్తుంటే చూసి ఉరుమి వాళ్లు ఊరుకుంటారా? ఎవరూ చెప్పకుండానే మోగించారు.

అంత దూరం నడిచిన కాళ్లు, నిలబడగానే వణికాయి. తొడలు గడగడా ఆడాయి. ఆడవాళ్లు కులవ పెట్టారు. వంశంలో పెద్దవాడైన మహేశ్వరన్ విభూతి పళ్లెం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"తిమ్మక్క వచ్చేసింది. చెప్పు తల్లీ, చెప్పు."

యాభై మంది కాదు, ఇప్పుడు నూటయాభై మంది చేతులు జోడించారు. మూక్కమ్మాళ్ మీద తప్పు లేదు అని ఒక్క మాట చాలు. తిమ్మక్క నోటి మాటగా అందరూ కళ్లకద్దుకుంటారు. ఆమె మచ్చ పోతుంది, ఈయన పేరూ నిలుస్తుంది. ఆ దారి అంత నున్నగా కళ్ల ముందు కనబడింది వీరన్‌కు. ఇంకొకటి కూడా జరిగింది. అరికాళ్లు వేడెక్కుతున్నాయి. ఆ నాలుగుసార్లు ఎక్కిన వేడే, అలాగే పైకి పాకుతున్నది. ఎండకు కాలిన నేలో, నడిచిన అలసటో, తిమ్మక్కే వచ్చిందో ఆయనకు తెలియలేదు.

వచ్చినదే అయితే కాసేపు ఆగనీ అనుకున్నాడు. కర్ర వదిలేసి నేల మీద చతికిలపడ్డాడు. రెండు అరచేతులతో రెండు తొడల్నీ అదిమి పట్టుకున్నాడు.

"ఉరుమి ఆపండి. నేను వీరన్‌ని మాట్లాడతా ఉండాను."

ఉరుమి ఆగింది. ఊపిరి అందినంత మేరకు ఒక్కొక్క మాటే చెప్పాడు. చల్లటి అరికాళ్లు, తాను కదిపిన తొడ, తన నోటి మాట, తిరిగిపోయిన వ్యాను, పిల్ల కోసం బన్ను కొన్నందుకు తప్పు మోసిన తల్లి, నోరు మూసుకుని కూర్చున్న తను. మహేశ్వరన్ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"సామి పరీక్ష చేస్తా ఉండాది, ఇది అమ్మ లీల" అన్నాడు చివరికి, బలహీనంగా.

"లీల కాదు పెద్దయ్యా. ముత్తుమారిని తిమ్మక్క తీసుకోలే. నా అబద్ధం తీసుకొనింది."

అప్పుడు జనం వెనక నుంచి మూక్కమ్మాళ్ గొంతు లేచింది. మొదట అది ఏడుపులా లేదు, తలుపు కిర్రుమన్నట్టుంది. తర్వాత మాటలు వచ్చాయి.

"ముత్తుమారీ, ఇరవై ఏడేండ్లు నిండి ఉండునే నీకు. నీకు ఏడ్వనీలేదే నన్ను, నా తల్లీ."

ఆమె నేల మీద కూర్చుండిపోయి గుండెలు బాదుకుంది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరిలోకి ముసలిది ఒకతె పొయ్యి దగ్గర నుంచి లేచి పోయి మూక్కమ్మాళ్ పక్కన కూర్చుని ఆమె మెడ చుట్టూ చేయి వేసింది. ఇంకొకతె వచ్చింది. ఇంకా ఇద్దరు వచ్చారు. శవం లేని చోట, పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా, వాళ్లందరూ తలలు ఒకచోట చేర్చి ఆ తొమ్మిదేళ్ల పిల్ల కోసం ఏడ్చారు.

వీరన్‌ను ఎవరూ లేపలేదు, ఎవరూ తిట్టలేదు. ఆయన వైపు చూసిన వాళ్లే లేరు. నలభై పొయ్యిల మీద పొంగళ్లు పొంగి, మంట మీద పడి, అడుగంటి మాడాయి. ఆడవాళ్లలో ఒక్కరూ లేవలేదు.